పిల్లల కోసం చారిత్రక నవల: తరచుగా అడిగే ప్రశ్నలు

పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లల కోసం చారిత్రక కథలు రాస్తుంటాను. బడులకు వెళ్ళి పిల్లలతో కూర్చుంటాను, కొత్తగా రాసేవాళ్ళ రాతప్రతులు చదివి పెడతాను. ఎక్కడికి వెళ్ళినా కొన్ని ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంటాయి. తల్లిదండ్రులు, టీచర్లు, పిల్లలు, రాయాలని ఉన్నవాళ్ళు అడిగినవి ఇక్కడ ఒకచోట చేర్చాను. ఉదాహరణలు ఎక్కువగా చీరాల-పేరాల ఉద్యమం నుంచే ఇచ్చాను. 1921లో పన్నులకు ఎదురుతిరిగి ఆ ఊళ్ళ జనం ఇళ్ళు వదిలి ఊరి బయట పాకల్లోకి వెళ్ళిపోయిన ఉద్యమం అది. ఇప్పుడు నేను దాని మీదే పని చేస్తున్నాను. ఒక పిల్ల కళ్ళతో చూడటానికి మన చరిత్రలో అంతకన్నా మంచి సందర్భం నాకు దొరకలేదు కూడా.

చారిత్రక నవల అంటే రాజులు, యుద్ధాలేనా?

చాలామంది అలాగే అనుకుంటారు, అందుకే పిల్లలు దూరం జరుగుతారు. వాళ్ళకు రాజు కోట కన్నా ఆ కోట కట్టేటప్పుడు మట్టి మోసిన ఇంట్లో రాత్రి ఏం వండుకున్నారన్నది ఎక్కువ ఆసక్తి. ఒక బడిలో ఆరో తరగతి అబ్బాయి నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "అంతమంది ఊరు వదిలి బయటికి వెళ్ళిపోతే, మరి బాత్రూంకి ఎక్కడికి వెళ్ళేవాళ్ళు?" క్లాసంతా నవ్వింది. నేను మాత్రం ఆ ప్రశ్నను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. వేలమంది ఒకేసారి పాకల్లోకి మారితే నీళ్ళు, పాయిఖానా, పాలు, వైద్యం, ఇవే అసలు చరిత్ర. వాటికి జవాబు వెతుక్కుంటూ పోతే నవల దానంతట అదే నడుస్తుంది.

"ఎదిగే వయసు కథ" అంటే ఏమిటి? పిల్లలు ఉన్న ప్రతి కథా అదేనా?

మన భాషలో రెండు మాటలున్నాయి, వాటితోనే తేడా తెలుస్తుంది. "ఊహ తెలిసినప్పటి నుంచి" అంటాం, అది నాలుగైదేళ్ళ మాట. "లోకం తెలిసింది" అంటాం, అది పన్నెండు, పద్నాలుగేళ్ళ మాట. ఈ రెండో తెలివిడి గురించి రాసేదే ఎదిగే వయసు కథ. అమ్మానాన్నలకు అన్నీ తెలియవని, వాళ్ళూ భయపడతారని, ఊళ్ళో అందరికీ ఒకటే న్యాయం లేదని పిల్లకు మొదటిసారి అర్థమయ్యే రోజులు అవి. కథలో పిల్లలున్నంత మాత్రాన సరిపోదు. మొదటి పేజీలో ఉన్న పిల్ల చివరి పేజీలో ఇంకో మనిషై ఉండాలి.

చారిత్రక నవలకు, దీనికి జత ఎందుకు కుదురుతుందంటే, చరిత్రలో కొన్ని సంవత్సరాలు ఊరికి ఊరే లోకం తెలుసుకున్న సంవత్సరాలు. పిల్ల ఎదగడం, ఊరు ఎదగడం ఒకేసారి జరుగుతాయి.

చీరాల-పేరాలలో ఏం జరిగింది? మా పాఠ్యపుస్తకంలో రెండు లైన్లే ఉంది.

ఆ రెండు లైన్ల వెనక దాదాపు ఏడాది బతుకు ఉంది. అప్పట్లో ఆ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో, గుంటూరు జిల్లాలో ఉండేది. (1970లో కొత్త జిల్లా ఏర్పడ్డాక ప్రకాశంలోకి, 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. పాత కాగితాల్లో వెతికేవాళ్ళకు ఇది చాలా అవసరం, ప్రకాశం జిల్లా అని వెతికితే ఏమీ దొరకదు.) చీరాల, పేరాల, పక్కనున్న ఊళ్ళను కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. అంతకుముందు ఏడాదికి 4,000 రూపాయలుగా ఉన్న పన్నులు దాదాపు 40,000కు పెరిగాయి. నేతగాళ్ళు, చిన్న రైతులు ఉన్న ఊళ్ళు అవి. మాకీ మునిసిపాలిటీ వద్దన్నారు. అర్జీలు పెట్టారు, పన్ను కట్టడం మానేశారు, కొందరు జైలుకు వెళ్ళారు.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వం వహించారు. 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చినప్పుడు ఒక దారి కూడా చెప్పారు: ఊరు వదిలి వెళ్ళిపోండి, జనం లేకపోతే మునిసిపాలిటీ ఎవరి కోసం? నిజంగానే వెళ్ళిపోయారు. 15,000 జనాభాలో దాదాపు 13,000 మంది ఊరి బయట పాకలు వేసుకుని, ఆ చోటికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని, సుమారు పదకొండు నెలలు ఉన్నారు. మండు వేసవి, ఆ తర్వాత వానలు, ఆ తర్వాత చలి. ఊళ్ళో ఇళ్ళు ఖాళీగా, తాళాలు వేసి.

ఒక్కసారి పదకొండేళ్ళ పిల్లలా ఆలోచించండి. ఇల్లు కనిపిస్తూనే ఉంది, వెళ్ళకూడదు. మొదటి వారం తిరునాళ్ళలా ఉంటుంది. బడి ఉందో లేదో తెలియదు, చుట్టూ స్నేహితులు, రాత్రిళ్ళు పాటలు, గోపాలకృష్ణయ్య కట్టిన రామదండు దళం వాలంటీర్ల సందడి. రెండో నెలలో పాక కారుతుంది. నాలుగో నెలలో అమ్మకు, నాయనకు మాటలుండవు. ఇది ఏ రాజు కథలో దొరుకుతుంది?

గోపాలకృష్ణయ్యనే కథానాయకుడిగా పెట్టొచ్చు కదా?

పెట్టొచ్చు, అది జీవితచరిత్ర అవుతుంది. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చిన మనిషి, మంచి వక్త, ఆంధ్రరత్న అని జనం పిలుచుకున్నవాడు, 39 ఏళ్ళకే 1928లో పోయాడు. పెద్దలకు రాయదగిన జీవితం. పిల్లల నవలలో మాత్రం నేను ఆయన్ని దూరం నుంచే చూపిస్తాను: జనం మధ్యలో, పెద్దవాళ్ళ భుజాల సందుల్లోంచి, ముఖం సగం కనిపిస్తూ. గొంతు మాత్రం బాగా వినిపిస్తుంది.

నాయకుడికి ఏం జరుగుతుందో పాఠకుడికి ముందే తెలుసు. పిల్లకు ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడమే నవలకు ప్రాణం. అల్లూరి సీతారామరాజు మీద రాయాలనుకునే వాళ్ళకు కూడా ఇదే చెబుతాను. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగిందని అందరికీ తెలుసు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. చింతపల్లి పక్క గూడెంలో పన్నెండేళ్ళ అబ్బాయి ఆ మూడు రోజులు ఏం విన్నాడు? రోడ్డు పనికి వెట్టికి పోయిన తండ్రి ఇంటికి రాకపోతే ఎవరిని అడిగాడు? పోడు కొట్టుకోనివ్వని అటవీ చట్టం వాడికి చట్టంగా తెలియదు, ఈ ఏడాది తినడానికి లేకపోవడంగా తెలుసు.

అప్పటి పిల్లలు నిజంగా ఏమైనా చేశారా, లేక మనమే కల్పించాలా?

చేశారు. 1923 డిసెంబర్‌లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. పక్కనే ఖద్దరు ప్రదర్శన. గేటు దగ్గర వాలంటీరుగా నిలబడిన 14 ఏళ్ళ అమ్మాయి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి పోనివ్వలేదు. నిర్వాహకులు టికెట్ కొని ఇచ్చాకే వదిలింది. ఆ అమ్మాయే తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమెకు ఎనిమిదేళ్ళకే పెళ్ళయింది, లోకం తెలిశాక ఆ పెళ్ళిలోంచి బయటికి వచ్చింది. గేటు దగ్గర సంఘటన అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ రెండోది ఇంకా పెద్ద ధైర్యంగా కనిపిస్తుంది. ఎదిగే వయసు కథ అక్కడే ఉంది.

మొదటి పేజీ ఎలా మొదలుపెట్టాలి?

తేదీతో వద్దు. కొత్తగా రాసేవాళ్ళ రాతప్రతుల్లో పదింటిలో ఎనిమిది ఇలా మొదలవుతాయి: "ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీగా ప్రకటించడంతో ప్రజల్లో తీవ్ర అసంతృప్తి చెలరేగింది." ఇది పరీక్షలో రాసే జవాబు. నా మొదటి రాతప్రతి కూడా ఇలాగే మొదలైంది, రెండు నెలల తర్వాత చింపేశాను.

దారి చూపించింది గుంట మగ్గం. చీరాల వైపు నేత ఇళ్ళలో మగ్గం నేలలో తవ్విన గుంట మీద ఉంటుంది. నేసేవాళ్ళు గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని చెక్కలు తొక్కుతారు. ఒక ఇంట్లో అలా కూర్చుని చూస్తుంటే తట్టింది: ఊరు వదిలేవాళ్ళు మగ్గం విప్పి తీసుకుపోగలరు, గుంటను ఎలా తీసుకుపోతారు? ఆ రాత్రి రాసుకున్నది ఇది:

"మగ్గం విప్పుతున్నంతసేపూ నాయన ఒక్క మాట మాట్లాడలేదు. అచ్చు, నాడె, ఒక్కొక్కటే గోనెలో చుట్టి గుమ్మం దగ్గర పెట్టాడు. తొక్కుడు చెక్కలు ఇంకా తీయలేదు. నేను మెల్లగా గుంటలోకి దిగి నాయన కూర్చునే చోట కూర్చున్నాను. అడుగున చల్లగా ఉంది, గంజి వాసన. చెక్కలకు నా కాళ్ళు జానెడు దూరంలో ఆగిపోయాయి. 'గుంటను ఎట్టా తీసుకుపోతాం నాయనా?' అన్నాను. 'గుంటను ఎవరూ తీసుకుపోరు. అక్కడ ఇంకోటి తవ్వుకుంటాం, లెయ్,' అన్నాడు."

మునిసిపాలిటీ అన్న మాట నా నవలలో పదిహేనో పేజీ దాకా రాదు.

చిన్న చిన్న తప్పులు ఎవరు పట్టుకుంటారు? అంత పట్టింపు అవసరమా?

పిల్లలు పట్టుకుంటారు, వాళ్ళకన్నా ముందు వాళ్ళ తాతమ్మలు పట్టుకుంటారు. ఒక కథలో నేను 1930ల నాటి అబ్బాయి చేత పది పైసలకు బెల్లం మిఠాయి కొనిపించాను. రూపాయికి నూరు పైసల లెక్క 1957 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. అంతకుముందు రూపాయికి పదహారు అణాలు. కాణీ, అణా, బేడ, పావలా, ఈ మాటల్లోనే ఆ కాలం ఉంది. నిజాం రాష్ట్రంలో అయితే హాలీ సిక్కా అనే సొంత నాణెం చెలామణి. కొలతలూ అంతే. కిలోలు, లీటర్లు రాస్తే కథ అక్కడే పడిపోతుంది. వీశె, సేరు, కుంచం, తవ్వ, సోల రాయండి. పిల్లలకు అర్థం కాదేమోనని టెన్షన్ పడొద్దు. "సోలెడు బియ్యం వేస్తే ఇద్దరికీ సరిపోలేదు" అని రాస్తే సోల ఎంతో వాళ్ళకే తెలిసిపోతుంది.

వెనక్కి వెళ్ళేకొద్దీ వంటింట్లోనే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. రుద్రమదేవి కాలంలో, అంటే 13వ శతాబ్దంలో, ఓరుగల్లు పిల్లవాడు పచ్చిమిరపకాయ కొరకలేడు. మిరప, టమాట, బంగాళదుంప, వేరుశనగ, బొప్పాయి, జామ, ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చినవి. పోర్చుగీసువాళ్ళు మన తీరానికి చేరిందే 1498లో. అప్పటి కారం మిరియాలది. ఈ విషయం ఏ బడిలో చెప్పినా పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. "మరి ఆవకాయ?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నతో ఏడు వందల ఏళ్ళ దూరం వాళ్ళకు నాలుక మీద తెలుస్తుంది.

పాత కాలం కదా, గ్రాంథికంలో రాయాలా?

వద్దు. అప్పుడు కూడా ఎవరూ ఇంట్లో గ్రాంథికం మాట్లాడలేదు. పుస్తకాల్లో ఒక తెలుగు, నోట్లో ఇంకో తెలుగు ఉండటం మీదే కదా గిడుగు రామమూర్తి అంత పోరాటం చేసింది. ఆ తేడాను కథలోకి తేవచ్చు: బడిలో పిల్ల బట్టీ పట్టే పద్యం ఒక భాష, అమ్మ కేకేసే భాష ఒకటి.

సంభాషణల్లో ఆ ప్రాంతపు మాట వినిపించాలి, కథనం మాత్రం అందరికీ అందేలా ఉండాలి. చీరాల పిల్ల "ఎట్టా" అంటుంది. నిజాం కాలపు నల్లగొండ పిల్లవాడి మాటల్లో తెలంగాణ యాస, ఉర్దూ మాటలు సహజంగా వస్తాయి, ఎందుకంటే వాడి చదువు ఉర్దూలో సాగింది. ఆ మాటలను దిద్దకండి, తక్కువ చేసి చూపించకండి. యాసను నవ్వు కోసం మాత్రమే వాడిన రాతప్రతి వస్తే నేను రెండో పేజీ దాటను.

కులం, బాల్యవివాహం, ఆడపిల్లలు పెద్దమనిషి కావడం, ఇవన్నీ పిల్లల పుస్తకంలో ఎందుకు?

ఎందుకంటే అప్పటి పిల్లలు వాటిలోనే బతికారు. 1921లో పన్నెండేళ్ళ పిల్లకు పెళ్ళి ప్రస్తావన రాకుండా నవల నడిపితే అది అబద్ధం. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండాలన్న శారదా చట్టం అమల్లోకి వచ్చింది 1930లో. ఇక పెద్దమనిషి అవ్వడం అనే మాటనే చూడండి. నిన్నటిదాకా వీధిలో ఆడుకున్న పిల్ల ఇవాళ గడప దాటకూడదు. ఆమెకు అది ఎదుగుదలా, కుంచించుకుపోవడమా? అమ్మాయిలు ఈ భాగం చదివి నాతో చాలా మాట్లాడతారు. టీచర్లు అడిగేది "అబ్బాయిలు ఉన్న క్లాసులో ఎలా?" అని. అబ్బాయిలు కూడా చదవాలి.

కులం విషయంలో ఒక్కటే మాట. రామ్‌నగర్‌లో అందరూ కలిసి ఉన్నారని గర్వంగా రాసే ముందు, నీళ్ళు ఎవరు ఎక్కడ తోడుకున్నారని మీ పాత్ర చేత అడిగించండి.

హింసను ఎంతవరకు చూపించాలి?

హైదరాబాద్ సంస్థానం మీద రాసేవాళ్ళకు ఇది తప్పదు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి బురుజు దగ్గర రజాకార్లు, నిజాం సైన్యం జనాన్ని చంపారు. సెప్టెంబర్‌లో భారత సైన్యం సంస్థానంలోకి వచ్చిన పోలీస్ చర్య అయిపోయాక ఎన్నో చోట్ల ముస్లిం కుటుంబాల మీద దాడులు, హత్యలు జరిగాయి. భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ ఊళ్ళు తిరిగి రాసిన నివేదిక ఎన్నో ఏళ్ళు బయటికి రాలేదు. మొదటిది రాసి రెండోది వదిలేస్తే పిల్లలకు సగం నిజం ఇచ్చినట్టు. వాళ్ళు సగం నిజాన్ని పూర్తి నిజంగా నమ్ముతారు.

ఎలా చూపించాలంటే, గాయాన్ని వర్ణించకుండా, గాయం తర్వాత మిగిలిన ఇంటిని చూపించండి. పక్కింటి నేస్తం బడికి రాలేదు. వాళ్ళ మేక మాత్రం ఇంకా కట్టుకొయ్య దగ్గరే అరుస్తోంది. పదేళ్ళ పాఠకుడికి ఇది చాలు. అది మనసులో నిలిచిపోతుంది, కానీ భయంతో పుస్తకం మూసేయడు. ఇంకో జాగ్రత్త: అలాంటి అధ్యాయం తర్వాత వెంటనే ఒక పూట అన్నం తినే సన్నివేశం పెట్టండి. పిల్లలకు ఊపిరి తీసుకునే చోటు కావాలి.

సమాచారం ఎక్కడ దొరుకుతుంది?

చీరాల పక్కనే వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో మొదలైన గ్రంథాలయం, దాని భవనానికి 1929లో గాంధీయే శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉన్నాయి. కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రిక, గోలకొండ పత్రిక పాత సంచికలు చేతికొస్తే సంపాదకీయం కన్నా ముందు ప్రకటనలు చూడండి. జనం ఏం కొన్నారో, ఏ రోగానికి భయపడ్డారో అక్కడ ఉంటుంది.

గ్రంథాలయాల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 1930ల్లో గుంటూరు జిల్లా కాలువల మీద పడవల్లో పుస్తకాలు పెట్టి ప్రయాణికులకు చదువుకోవడానికి ఇచ్చేవాళ్ళు. బోటు గ్రంథాలయం! ఆ పడవలో పనిచేసే పదమూడేళ్ళ అబ్బాయి మీద ఎవరైనా నవల రాయాలని నా కోరిక. నేను రాయకముందే మీరు రాస్తే సంతోషిస్తాను.

ఎంతవరకు కల్పించొచ్చు?

పాత్రలు, ఇల్లు, మాటలు మీవి. తేదీలు, ధరలు, చట్టాలు, ఎవరు గెలిచారు ఎవరు ఓడారు అన్నవి మీవి కావు. నిజంగా బతికిన మనిషి నోట్లో ఆయన అనని గొప్ప మాటలు పెట్టకండి, పిల్లలు వాటిని వ్యాసరచన పోటీల్లో ఎత్తి రాస్తారు. పుస్తకం చివర ఒక పేజీలో ఏది జరిగింది, ఏది నా ఊహ అని సూటిగా చెప్పేస్తాను. పిల్లలు ఆ పేజీని ముందే చదివేస్తారు. చదవనివ్వండి.

ఎంత పొడవు ఉండాలి?

పదేళ్ళవాళ్ళకు నూరు పేజీలు, పద్నాలుగేళ్ళవాళ్ళకు రెండు వందలు. అధ్యాయం ఒక్క పూటలో అయిపోవాలి.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు, తనే రాస్తానంటోంది. ఏం చెప్పాలి?

ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ దగ్గర కూర్చోబెట్టండి. "మీ చిన్నప్పటి విషయాలు చెప్పు అమ్మమ్మా" అంటే వాళ్ళు ఏమీ చెప్పలేరు, నవ్వేసి ఊరుకుంటారు. ఒక వస్తువు చేతికిచ్చి అడగమనండి. మా ఇంట్లో అడుగు సొట్టపోయిన ఇత్తడి సోల ఉండేది. దాన్ని చూపించి అడిగితే మా నాయనమ్మ, కరువు ఏడాదిలో పొరుగింటి నుంచి బియ్యం అప్పు తెచ్చిన రోజు మొదలుకుని గంటసేపు చెప్పింది. సొట్ట ఎలా పడిందన్నది మాత్రం మా తాతయ్య కోపం కథ, అది చివర్లో గొంతు తగ్గించి చెప్పింది.

రామ్‌నగర్ నుంచి జనం వెనక్కి వచ్చేశారు కదా. ఓటమితో ముగిసే కథ పిల్లలకు ఇవ్వొచ్చా?

నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. నిజమే, గోపాలకృష్ణయ్యను అరెస్ట్ చేసి జైలుకు పంపారు, డబ్బులు అయిపోయాయి, పదకొండు నెలల తర్వాత జనం తిరిగి ఇళ్ళకు చేరారు. దాన్ని గెలుపుగా మార్చి రాయమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. నేను మార్చను. పిల్లలు ఇప్పటికే ఆటల్లో, పరీక్షల్లో ఓడిపోతుంటారు. ఓడిన తర్వాత రోజు ఎలా ఉంటుందో చెప్పే పుస్తకాలే వాళ్ళకు తక్కువ.

నా నవల చివరి అధ్యాయంలో ఆ కుటుంబం తాళం తీసి లోపలికి వస్తుంది. ఇంటినిండా బూజు. మగ్గం గుంటలో ఏడాది దుమ్ము, ఎండుటాకులు. నాయన గుమ్మంలోనే కూర్చుండిపోతాడు. పిల్ల చీపురు తీసుకుని గుంటలోకి దిగుతుంది, ఆకులు ఎత్తిపోస్తుంది, గోనె విప్పి తొక్కుడు చెక్కలు ఒక్కొక్కటే వాటి చోట పెడుతుంది. ఇంట్లో ఆడపిల్లలకు కండెలు చుట్టడమే పని, మగ్గం ఎక్కడం లేదు. ఎవరూ చూడటం లేదు కదా అని నాయన చోట కూర్చుంటుంది. కాళ్ళు చాపుతుంది. ఈసారి చెక్కలు అందుతాయి.